అశుభం మాటలు ముందే మాట్లాడుకోండి

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. వరదో, యుద్ధమో, మళ్లీ కరోనా లాంటిదో వస్తే ఇంట్లో సరుకులు ఎంత నిల్వ పెట్టుకోవాలి, ఏ పారాయణ చేస్తే ధైర్యం వస్తుంది అని. చివర్లో పనిలో పనిగా, "ఇంట్లో ఈ మాట ఎత్తితే అశుభం పలకొద్దు, పైన తథాస్తు దేవతలుంటారని మా అత్త కసురుకుంటుంది" అని రాశారు. కర్నూలులో హంద్రీ నది దగ్గర ఇల్లు, ఇన్సులిన్ మీద ఉన్న అత్త, ఇద్దరు చిన్న పిల్లలు, బెంగళూరులో ఉద్యోగం చేసే భర్త. ఇలాంటి ఇంట్లో ముందు తేలాల్సింది ఆ చివరి మాటే. బియ్యం మూట ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు.

నేను కర్నూలు పాత ఊళ్లోనే పుట్టి పెరిగాను. 2009 అక్టోబరు 2న ఊళ్లోకి నీళ్లొచ్చినప్పుడు ఇక్కడే ఉన్నాను. మన ఊరికి ఒకవైపు తుంగభద్ర, ఇంకోవైపు హంద్రీ. కింద శ్రీశైలం డ్యాం నిండిపోతే వెనక జలాలు ఎగదన్ని, ఈ రెండింటి నీళ్లకూ పోయే దారి ఉండదు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. ఆ వరదలో 896 దాటింది, ఇన్‌ఫ్లో 25 లక్షల క్యూసెక్కులకు పైనే. ఈ లెక్కలు తర్వాత పేపర్లలో చదివాం. ఆ పొద్దు వీధిలో అందరూ అనుకున్నది ఒకటే, వచ్చిన నీళ్లు గంటలో పోతాయని. సామాను మంచాల మీద పెట్టి గుమ్మంలో నిలబడ్డారు. నీళ్లు మంచాలు దాటాయి, బీరువాలు దాటాయి.

మా ఇంట్లో ఆ రోజు లేనిది బియ్యమూ కాదు, డబ్బూ కాదు. అవ్వను ఎవరు ఎత్తుకోవాలనేది మోకాళ్ల నీళ్లలో నిలబడి తేల్చుకోవాల్సి వచ్చింది. ఇంటి పత్రాలు బీరువాలో ఉన్నాయని నాయన వెతుకుతుంటే, అమ్మ వాటిని ఎప్పుడో ట్రంకు పెట్టెలో చీరల కిందికి మార్చింది. "ముందు పిల్లలను పంపిద్దాం" అని ఒకరు, "అందరం కలిసే పోదాం" అని ఇంకొకరు. ఆ వాదులాటలో పోయిన టైమే మాకు బాగా నష్టం చేసింది. ఇవన్నీ ఒక మామూలు ఆదివారం టీ తాగుతూ అరగంటలో తేల్చుకోగల విషయాలు. తేల్చుకోకపోవడానికి కారణం, మీ అత్త అన్న మాటే మా అవ్వ కూడా అనేది.

కాబట్టి ముందు అత్తతో మాట్లాడండి. ఎదురు చెప్పకండి, అడగండి. "అత్తా, కరువు కాలంలో మీ అమ్మ వాళ్లు ఏం తిన్నారు?" అనండి. మన సీమలో ఆ కథ లేని ఇల్లు ఉండదు. 1876-78 నాటి ధాత కరువు గురించి ముత్తాతల నుంచి విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. 1950ల మొదట్లో గంజి కేంద్రాల దగ్గర బోకులు పట్టుకుని నిలబడ్డ కథలైతే చాలా ఇళ్లలో వినిపిస్తాయి. పల్లెల్లో జొన్నలు పాతర వేసేవాళ్లు కదా, నేల తవ్వి, గడ్డి పరిచి, పైన మట్టి కప్పి. రేపు పంట పోతుందేమోననే కదా ఆ పాతర. దాన్ని ఎవరూ అశుభం అనలేదు. ఈ కబుర్లలో పెద్దావిడకు చెప్పే చోటు వస్తుంది, మీకు వినే చోటు వస్తుంది. "మరి ఈసారి నీళ్లొస్తే నిన్ను ఎవరు పట్టుకోవాలి?" అన్న మాట అప్పుడు అడిగితే నవ్వుతూనే జవాబిస్తారు. మా అమ్మ దగ్గర నాకు పని చేసింది ఇదే.

ఇంట్లో తేలాల్సినవి ఇవి. ఎప్పుడు బయల్దేరాలి, ఎవరింటికి, ఎవరు ఎవరిని పట్టుకుంటారు, పత్రాల సంచి ఎక్కడుంది, మగవాళ్లు ఊళ్లో లేకపోతే మాట ఎవరిది. ఈ చివరిది మరీ ముఖ్యం. మీ ఆయన బెంగళూరులో ఉంటే ఫోన్‌లో ఆయన అనుమతి కోసం ఎదురు చూడకూడదు. "నువ్వు పోదాం అంటే పోవడమే" అని ఆయన చేత అందరి ముందూ ఇప్పుడే అనిపించండి. ఆయన దూరంగా ఉండడంలో ఒక లాభం కూడా ఉంది. ఊళ్లో సిగ్నల్ సరిగా లేనప్పుడు ఒకరికొకరు ఫోన్ చేసుకునే బదులు, దొరికిన ఒక్క క్షణంలో అందరూ ఆయనకు ఒక మెసేజ్ పెట్టాలి. ఎవరు ఎక్కడున్నారో చెప్పే మనిషి ఆయనే.

ఎప్పుడు బయల్దేరాలన్న దానికి నా లెక్క చెబుతాను. హంద్రీకి గాజులదిన్నె ప్రాజెక్టు గేట్లు, తుంగభద్రకు సుంకేసుల బ్యారేజీ గేట్లు, కింద శ్రీశైలం మట్టం, ఈ మూడూ చూసుకోవాలి. పైన గేట్లు ఎత్తారు, కింద శ్రీశైలం నిండుగా ఉంది, ఇక్కడ వాన ఆగడం లేదు అంటే ఇక ఆలోచన వద్దు, పగలే పిల్లలనూ పెద్దవాళ్లనూ ఎత్తు మీదున్న చుట్టాలింటికి పంపేయాలి. ఏమీ కాకపోతే ఒక రోజు చుట్టాలింట్లో భోంచేసి వచ్చినట్టు. పగలే అని ఎందుకంటున్నానంటే, 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది తెల్లవారుజామున. కార్తీక పౌర్ణమి రోజులవి. రాజంపేట వైపు పల్లెల మీద నీళ్లు పడేసరికి చాలామందికి తేరుకునే సమయం కూడా లేదు. అనంతపురం అంటే కరువే అనుకుంటాం, 2022 అక్టోబరులో అక్కడి కాలనీలూ మునిగాయి. వానాకాలంలో రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టకండి. జిల్లా కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్రానిది 1070, అన్నిటికీ 112, అంబులెన్సుకు 108. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. బయటికి వచ్చే ముందు, నీళ్లు గడప దగ్గర ఉండగానే కరెంటు మెయిన్ ఆపేయండి. నీళ్లలో నిలబడి స్విచ్ ముట్టుకోవద్దు.

ఇక సరుకులు. యూట్యూబ్‌లో చెప్పినట్టు ఆరు నెలల నిల్వలు పెట్టకండి, మన వేడికి పురుగు పడుతుంది. పొయ్యి లేకుండా తినగలిగినవి ఒక వారానికి సరిపడా ఉంటే చాలు. బొరుగులు, పుట్నాల పొడి, వేయించిన వేరుశనగలు, బెల్లం. బొరుగులు నీళ్లలో నానబెట్టి, నీళ్లు పిండేసి, పుట్నాల పొడి, ఉల్లిపాయ, ఉప్పు, కాస్త నూనె కలిపితే పొయ్యి వెలిగించకుండానే ఉగ్గాని లాంటిది అయిపోతుంది, పిల్లలు తింటారు. ఎండబెట్టిన జొన్న రొట్టెలు డబ్బాలో చాలా రోజులు నిలుస్తాయి. ఆదోని, కోసిగి వైపు నుంచి సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు మిరప తోటలకు పోయేవాళ్లు మూట ఎలా కడతారో ఒకసారి గమనించండి. ఏది తీసుకోవాలో, ఏది బరువో వాళ్లకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. నాకు ఏ వీడియో కన్నా అదే మంచి పాఠం.

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్ల లెక్కన మూత బిగించే క్యాన్లలో నీళ్లు పట్టి మిద్దె మీద పెట్టండి. వరదలో చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం చుక్క ఉండదు. నీళ్ల విరేచనాలు మొదలైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాలు చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా కొట్టి కలపాలి. చక్కెర ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి. ఈ కొలత కూడా గోడ మీదే రాయండి.

ఇన్సులిన్ గురించి మీరు ప్రత్యేకంగా అడగలేదు గానీ నాకు మొదట తట్టింది అదే. కరెంటు పోతే ఫ్రిజ్ పనికిరాదు. మట్టి కుండలో తడి ఇసుక పోసి, అందులో ఇంకో చిన్న కుండ దింపి, ఇన్సులిన్‌ను తడి లేని డబ్బాలో పెట్టి ఆ లోపలి కుండలో ఉంచి, పైన తడి బట్ట కప్పండి. ఐసు ముక్కలకు నేరుగా తగలనివ్వొద్దు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ ఇక పనికిరాదు. తిండి సరిగా లేని రోజు డోసు ఎంత తగ్గించాలో మీ డాక్టరును ఇప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం, మందుల చీటీ, సిరంజిలు, ఒక బెల్లం ముక్క, అన్నీ ఒకే డబ్బాలో. షుగర్ పడిపోతే నోట్లో వేయడానికి బెల్లం.

డబ్బులు చిన్న నోట్లలో కొంత ఇంట్లో ఉండాలి. టవర్లు పడిపోతే ఫోన్‌పే పలకదు. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు వంద నోట్లున్న వాళ్లే కదా కూరగాయలు కొన్నది. పాస్‌పుస్తకాలు, ఇంటి పత్రాలు ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఆధార్ లాంటివి డిజిలాకర్‌లోనూ పెట్టుకోండి.

తథాస్తు దేవతలను దాటుకుని మాట్లాడాల్సిన మాట ఇంకొకటుంది, చావు గురించి. కరోనా రోజుల్లో, మన జిల్లా పేరు కేసుల లెక్కల్లో ముందున్న ఆ 2020 వేసవి తర్వాత, మా చుట్టాల్లో ఒకాయన పోయాడు. భర్త ఖాతాకు నామినీ ఉందో లేదో, బీమా కట్టాడో లేదో ఆయన భార్యకు తెలియదు. ఏడవడానికి కూడా తీరిక లేకుండా కాగితాల కోసం తిరిగింది. బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా (70 ఏళ్ల వరకు), 436 రూపాయలతో రెండు లక్షల జీవిత బీమా (50 ఏళ్ల లోపు చేరాలి) ఉన్నాయి. మీరిద్దరూ చేరారో లేదో ఈ వారమే చూడండి. నామినీ పేర్లు కూడా.

పారాయణ సంగతి. ఫలానాది చదవండి అని నేను చెప్పను. మా అవ్వ రాఘవేంద్రస్వామి భక్తురాలు, గురువారం ఒంటిపూట తినేది. ఆ వరదలో మంత్రాలయం మఠంలోకే నీళ్లొచ్చాయని తెలిసినప్పుడు మా బాబాయి కోపంగా, "ఇంత కొలిచినావు కదా, ఏం చేసినాడు నీ స్వామి?" అన్నాడు. అవ్వ తడబడలేదు. "స్వామి బృందావనం కాడికే నీళ్లొచ్చినప్పుడు మన ఇంటికి రాకూడదని యాడుంది రా?" అంది. నాకు తెలిసిన భక్తుల్లో ఇంత స్పష్టంగా ఆలోచించిన మనిషి ఇంకొకరు లేరు. పూజ చేస్తే ఆపద రాదని ఆమె ఎప్పుడూ లెక్క వేసుకోలేదు. అందుకే ఆపద వచ్చినప్పుడు ఆమె భక్తికి ఏమీ కాలేదు. దేవుడితో బేరం పెట్టుకున్న వాళ్లే ఆ రాత్రి మేం తలదాచుకున్న మిద్దె మీద ఎక్కువ కుంగిపోయారు.

ఇంకొకటి గమనించాను. అవ్వ పుస్తకమూ కళ్లజోడూ కింద నీళ్లలో పోయాయి. నోటికి వచ్చింది మాత్రం పోలేదు. ఆ మిద్దె ఒక ముస్లింల కుటుంబానిది. ఆ ఇంటి పెద్దమ్మ చేతిలో తస్బీ జపమాల, మా అవ్వ నోట్లో స్తోత్రం, ఇద్దరూ చీకట్లో పక్కపక్కనే. పిల్లలం ఆ గొంతుల దగ్గరికి జరిగి పడుకున్నాం. కాబట్టి మీరు చిన్నప్పటి నుంచి వింటున్నదే ఏదో ఒకటి, పొట్టిది, నోటికి రానివ్వండి. ఫోన్‌లో చూసి చదివేది ఆ రాత్రికి పనికి రాదు. భయంతో కొత్తగా పెద్ద దీక్ష పట్టి, మధ్యలో ఒక రోజు తప్పితే ఏమవుతుందోనని ఇంకో భయం తెచ్చుకోకండి. రోజూ దీపం పెట్టేటప్పుడు రెండు నిమిషాలు చాలు, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి.

ఆ ఇంటి తలుపు మాకు ఎందుకు తెరుచుకుందంటే, రంజాన్‌కు సేమ్యా గిన్నె ఇటు, ఉగాదికి పచ్చడి గిన్నె అటు ఏళ్ల తరబడి తిరిగాయి. మీ వీధిలో గట్టి మిద్దె ఎవరిదో చూసి, వాళ్లతో పలకరింపు పెంచుకోండి. ఇది స్వార్థమే, అయినా ఎవరికీ చెడ్డది కాదు.

నిద్ర పట్టడం లేదన్నారు. వార్తలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి వదిలేయండి. వాట్సాప్‌లో కాలజ్ఞానం పేరుతో వచ్చేవి అసలు తెరవకండి. బనగానపల్లె మనకు పక్కనే, బ్రహ్మంగారంటే నాకు గౌరవం. కానీ ప్రతి ఆపదకూ ఎవరో కూర్చుని ఆయన పేరు మీద కొత్త పద్యం అల్లి వదులుతున్నారు. ఆయన్ను ఇంత పనిలో పెట్టాల్సిన అవసరం లేదు.

పిల్లల విషయం ఒక్కటి మిగిలింది. వాళ్లకు వరద కథలు చెప్పి భయపెట్టకండి, పని ఇవ్వండి. పెద్దవాడికి టార్చి, చిన్నదానికి నానమ్మ మందుల డబ్బా. వానాకాలం మొదలయ్యే ముందు ఒకసారి ఆటలాగా "పోదాం పద" అని గట్టిగా అని, ఎంతసేపట్లో మీ వీధిలోని ఆ గట్టి మిద్దె మీదికి చేరుతారో చూడండి. అత్తను కూడా నడిపించండి, మెట్ల దగ్గర ఆమెకు ఎవరి భుజం కావాలో అప్పుడే తెలుస్తుంది. నాన్న ఫోన్ నంబరు ఇద్దరికీ నోటికి రావాలి. ఎక్కం చదివినట్టు రాగం తీసి చెప్పిస్తే తొందరగా వస్తుంది.