వల చింపేసే నల్లచేపకి మందు కొట్టాలా?

ప్రశ్న: ఊరి సెరువు పాటకి తీసుకుని బొచ్చె, శీలావతి పిల్లలు ఏసినాం. మొన్న విసురువలకి ఒళ్లంతా ముళ్లున్న నల్లసేప పడి వల సింపేసింది, గట్టుకి బొక్కలెట్టేస్తంది. మందు కొట్టమంటారా? మా అమ్మాయి ముత్తుకూరులో బీఎఫ్‌ఎస్సీ, అదే సేపల పెంపకం డిగ్రీ సదివింది, వాతావరణ మార్పు మీద, ఇలాటి సేపల మీద పీజీ రీసెర్చ్ సేత్తానంటంది. దానివల్ల మనకేటి ఉపయోగం? – రాజాం దగ్గర రైతు

జవాబు: అన్నా, మీ ఫోటో చూశాను. నోరు అడుగువైపు గుండ్రంగా, పొలుసుల బదులు గట్టి పలకలు, ఇది సక్కర్ క్యాట్‌ఫిష్, దెయ్యం చేప అంటారే అదే. దక్షిణ అమెరికాది. అక్వేరియంలో పాచి తింటుందని కొంటారు, పెద్దదయ్యాక ఎవరో ఒకరు కాలవలో వదిలేస్తారు, ఇక 2018 తిత్లీ, 2021 గులాబ్ లాంటి తుఫానులొచ్చి గెడ్డలు పొంగితే ఇలాంటివి చెరువు నుంచి చెరువుకి దాటిపోతాయి.

మందు వద్దు. పశువులు తాగే నీళ్లు, పైగా మీ బొచ్చెలూ చస్తాయి. ఏప్రిల్, మేలో నీళ్లు అడుగంటినప్పుడే దీన్ని పట్టాలి. బొరియలు ఒక్కోటి మీటరు దాకా ఉంటాయి, లోపల గుడ్లకి మగది కాపలా కాస్తుంది, తవ్వి తీయండి, చేతికి గోనెసంచి చుట్టుకోండి. గట్టుమీద పడేస్తే గంటల తరబడి బతికే ఉంటుంది కాబట్టి లోతుగా పాతిపెట్టాల్సిందే. బొరియల్లో బంకమట్టి కూరి దిమ్మిస కొట్టండి, వానలకి ముందే నీళ్లొచ్చే కాలవకి, మదుముకి (తూముకి) సన్నకన్ను వల కట్టండి. ఈలోపు వలకి పడ్డదాన్ని మాత్రం తిరిగి నీళ్లలో వెయ్యొద్దు.

ఇక పాప సంగతి. తప్పకుండా చదివించండన్నా, నాకు చాలా సంతోషంగా ఉంది. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకి 8 మిల్లీగ్రాముల పైన ఆక్సిజన్ పడుతుంది, 35 డిగ్రీలకి 7 కూడా పట్టదు. ఎండలు ముదిరి ఆక్సిజన్ పడిపోతే బొచ్చెలు పైకి తేలతాయి, ఈ దెయ్యం చేపేమో గాలి మింగి పొట్టతోనే ఊపిరి తీసుకుంటుంది. చలికి చచ్చే చేపే, కానీ నీళ్లు 10 డిగ్రీల దాకా చల్లబడాలి, మన చెరువుల్లో అది ఎక్కడవుతుంది? అందుకే మన దగ్గర ఇది ఏ నెలలో గుడ్లు పెడుతుంది, వేడి ముందే వస్తే గుడ్లూ ముందే వస్తాయా అన్నది తేల్చాలి, అది తెలిస్తే గుడ్లకి ముందే పట్టేయొచ్చు. ఐకార్, అంటే భారత వ్యవసాయ పరిశోధన మండలి ఎంట్రన్స్ రాస్తే ముంబైలో చేపల చదువులకి కేంద్ర సంస్థ సీఐఎఫ్ఈ ఉంది. కానీ సీటు వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఆక్సిజన్ తెల్లారుజామునే బాగా తక్కువుంటుంది కాబట్టి రోజూ ఆ వేళకే నీళ్ల వేడి, ఆక్సిజన్ చూసి రాసుకోమనండి, పాతిపెట్టే ముందు ప్రతి చేప పొట్టా కోసి గుడ్లున్నాయో లేదో తారీఖు వేసి రాయమనండి. రెండు నెలలయ్యాక ఆ పేజీలు ఫోటో తీసి పంపమనండి, కూర్చుని చూస్తాను.