ఆపరేషన్ థియేటర్లలో డిస్పోజబుల్ ప్లాస్టిక్ మానేస్తే పర్యావరణానికి మేలు జరుగుతుందా?

జరుగుతుంది, కానీ మీరు అనుకున్నంత కాదు. ప్లాస్టిక్ కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరూ దాని మీదే పడతారు. నేను పంతొమ్మిదేళ్లుగా అనస్థీషియా టెక్నీషియన్‌ని. థియేటర్ చేసే అసలు పాపం కంటికి కనపడకుండా గాల్లోకి పోతుంది.

మా దగ్గర జరిగిందే చెప్తాను. మా మత్తు డాక్టర్లు నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువు వాడటం దాదాపు మానేశారు. ఎప్పుడో ఒక కేసులో, అదీ కాసేపు. సిలిండర్లు మాత్రం మామూలుగానే ఖాళీ అయిపోతున్నాయి. స్టోర్ ఆయన "ఇంట్లోకి పట్టుకుపోతున్నావా ఏంటయ్యా" అని నవ్వేవాడు. నాకూ చాన్నాళ్లు అనుమానం రాలేదు. ఎందుకంటే నైట్రస్ సిలిండర్‌లో ద్రవంగా ఉంటుంది, ఆ ద్రవం మొత్తం ఆవిరయ్యేదాకా గేజ్ ముల్లు పెద్దగా కదలదు. ముల్లు చూసి నిండుగా ఉందనుకుంటాం, తీరా చూస్తే అడుగంటి ఉంటుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే తూకం వేయాల్సిందే, ఆ బరువు మోసే ఓపిక ఎవరికుంది?

ఒక ఆదివారం ఆపరేషన్లేమీ లేవు. మర్చిపోయిన స్పానర్ కోసం మానిఫోల్డ్ రూమ్‌లోకి, అంటే సిలిండర్లను థియేటర్ల పైపులైనుకి కలిపే గదిలోకి వెళ్లాను. అక్కడ ఎప్పుడూ పంపుల రొదే. ఆ పంపు ఓ అరనిమిషం ఆగినప్పుడు వినిపించింది, సన్నగా "స్‌స్‌స్" అని. గిన్నెలో సబ్బునీళ్లు కలిపి ఒక్కో జాయింటుకీ పూస్తూ పోతే, మూడో దాని దగ్గర బుడగలు ఉబ్బడం మొదలయ్యాయి. వేలెడంత లేని ఒక వాషర్ అరిగిపోయింది, అంతే. అనుమానం తీరక సిలిండర్ తూకం వేసి పెట్టి, సోమవారం పొద్దున మళ్లీ వేశాను. ఒక్క కేసూ జరగలేదు, బరువు మాత్రం తగ్గింది.

కిలో నైట్రస్, వందేళ్ల లెక్కలో, సుమారు 273 కిలోల కార్బన్ డయాక్సైడ్ అంత వేడి పెంచుతుంది. వాషర్ మార్చాం, నెలలోపే ఇంకోచోట లీకు. చివరికి పైపులైనే మూసేసి, అవసరమైతే మెషీన్‌కి చిన్న సిలిండర్ తగిలించుకుంటున్నాం. అమెరికాలో మత్తు డాక్టర్ల సంఘం కూడా 2024లో ఇదే మాట చెప్పింది.

డెస్‌ఫ్లూరేన్ అనే ఇంకో మత్తు వాయువు అయితే ఇంకా ఘోరం, కార్బన్ డయాక్సైడ్ కంటే 2,500 రెట్లు పైనే. స్కాట్లాండ్ 2023లోనే దాన్ని పక్కన పెట్టింది. రోగి ఒంట్లో అది అరిగేది దాదాపు ఏమీ ఉండదు, పీల్చింది పీల్చినట్టే బయటికొచ్చి పైపు గుండా బయట గాల్లో కలుస్తుంది. అంత వేడి పెంచని సెవోఫ్లూరేన్ అనే మత్తు వాయువుకి మారి, గ్యాస్ ఫ్లో నిమిషానికి లీటరుకో అంతకంటే తక్కువకో తిప్పితే సగం సమస్య తీరిపోతుందని నా నమ్మకం. నాబ్ తిప్పడానికి పైసా ఖర్చు లేదు కదా!

ఇక ఏసీ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. గౌన్లు తొడుక్కుని లైట్ల కింద నిలబడే సర్జన్‌గారికి చెమట పడుతుందని థియేటర్‌ని ఐసుగడ్డ చేస్తాం, ఆ చలికి రోగి వణికిపోకుండా వేడిగాలి దుప్పటి ఆన్ చేస్తాం. రెండింటికీ కరెంటు మనదే. రాత్రంతా మనిషి లేని గదిలో కూడా గాలి గంటకు ఇరవైసార్లు మారుతూనే ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు తగ్గించే సెట్టింగ్ చాలాచోట్ల ఉంటుంది, నొక్కడం ఎవరి డ్యూటీయో మాత్రం ఎవరికీ తెలియదు. దీని మీద మాకు కమిటీ వేశారు. కమిటీ ఏం చేసిందంటే "భూమిని కాపాడండి" అని పోస్టరు వేయించి, తడవకుండా ప్లాస్టిక్ లామినేషన్ చేయించింది.

ప్లాస్టిక్‌ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. ఉతికి ఆటోక్లేవ్‌లో వేడి ఆవిరితో క్రిములు చంపిన గుడ్డ గౌన్లు బాగానే పనిచేస్తాయి. నాకు ఒళ్లు మండేది, ముందుజాగ్రత్త పేరుతో విప్పేసి, ముట్టుకోకుండానే చెత్తలో పడేసే ప్యాకెట్లను చూస్తే. సర్జన్‌గారు అడిగాక విప్పితే పోయేదేముంది, పది సెకన్లు.

మీరూ థియేటర్‌లోనే పనిచేస్తుంటే, సెలవు ముందు రోజు సాయంత్రం నైట్రస్ సిలిండర్ తూకం వేసి, తిరిగొచ్చాక మళ్లీ వేసి చూడండి. ప్లాస్టిక్ సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.