తోలాడా, నడిపాడా?

సందేహం: ఆదివారం మా ఇంట్లో టీవీలో స్నోమొబైల్ వీడియోలు పెట్టాం, దారీ డొంకా లేని మంచుకొండల మీద బండ్లెక్కి తిరిగేవి. నేను ‘అబ్బ, ఏం తోలుతున్నాడు! హిమపాతం వస్తే మాత్రం పని అయిపోయినట్టే’ అన్నాను. మా మామయ్య వెంటనే ‘తోలడానికి అవేమైనా ఎద్దులా? నడుపుతున్నాడు అనాలి. హిమపాతం అంటే మంచు కురవడం, దానికి భయమెందుకు?’ అన్నారు. ఎవరిది ఒప్పు?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

సమాధానం: మొదటిదాంట్లో మీరే గెలిచారు. తోలడం ఎద్దుల దగ్గరే ఆగిపోయిన మాట కాదు. ట్రాక్టర్లు వచ్చాక కూడా ఇంటి పునాదికి మట్టి ‘తోలిస్తున్నాం’, మన బస్తీల్లో ఆటో ‘తోలుకుని’ బతికేవాళ్లున్నారు, బేరాల్లేని కొట్టువాడు ఈగలు తోలుకుంటాడు. వెనకనుంచి అదిలిస్తూ ముందుకు పంపడం అన్నది ఇందులో అసలు అర్థం. నిలుచుకు నిలుపు ఎలాగో నడుచుకు నడుపు అలాగ, అంటే నడిచేలా చేయడం, అందుకే రైలునీ హోటల్నీ సంసారాన్నీ కూడా నడుపుతాం, అందులో తొందర లేదు.

ఇప్పుడు ఆ బండిని చూడండి. ముందు రెండు స్కీలు, వెనక పళ్లున్న రబ్బరు పట్టా, అన్నీ కలిపి 200 కిలోలకు పైమాటే. కొత్తగా పడ్డ మెత్తని లోతు మంచులో యాక్సిలరేటర్ మీద పట్టు వదిలితే అక్కడే కూరుకుపోతుంది, ఏటవాలులో అడ్డంగా పోవాలంటే మనిషి లేచి పైవాలు వైపు ఒరిగి, ఒళ్లంతా బరువు వేసి దాన్ని లొంగదీయాలి. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందన్న సామెత దీనికి అతికినట్టు సరిపోతుంది. దీన్ని తోలడం అనకపోతే ఇంక దేన్నంటాం? స్వారీ అన్నా నాకు ఇష్టమే. మామయ్యగారి ‘నడపడం’ తప్పు కాదు, కాస్త చప్పగా ఉంది, అంతే.

హిమపాతం దగ్గర మాత్రం ఆయన మాటలో బలముంది. అలాగని మీదీ నిరాధారం కాదు. పాతం అంటే పడటం, ఎక్కడినుంచి అన్నది అందులో లేదు. వర్షపాతం ఆకాశంనుంచి, జలపాతం కొండమీదనుంచి. ఆ లెక్కన కొండమీది మంచు ఒక్కసారిగా జారిపడటాన్నీ హిమపాతం అనొచ్చు, పత్రికలు రెండింటికీ వాడుతున్నాయి కూడా. చిక్కల్లా ఇక్కడే: ఆ బండ్లవాళ్లు కోరుకునేది కురిసే మంచు, హడలిపోయేది జారే మంచు. 30 నుంచి 45 డిగ్రీల వాలులో లోపలి పొర బలహీనంగా ఉంటే పైన పోయే బండి బరువుకే పెద్ద పలక విరిగి జారొచ్చు, అందుకే పూడిపోయినవాణ్ణి వెతికే సిగ్నల్ పరికరం, పొడవాటి కడ్డీ, పార వెంట ఉంచుకుంటారు. కోరికకీ భయానికీ ఒకే మాటైతే ఎలాగండీ? కొండచరియలు మనకు ఎటూ ఉన్నాయి కాబట్టి ‘మంచుచరియలు విరిగిపడితే’ అనండి, మామయ్యగారూ ఒప్పుకుంటారు.

ఇక బండి పేరు స్నోమొబైల్ అనే ఉంచండి. ‘మంచుబండి’ అని తెలుగు చేద్దామని నాకూ ఒకసారి అనిపించింది కానీ, ఎండాకాలం ఎవరైనా ఆ మాట అంటే పిల్లలు చిల్లర పట్టుకుని వీధిలోకి పరిగెడతారు.