రీబూట్ చేసే ముందు సర్వర్‌ని అడుగు

చి. అమ్మలుకి బాబాయి ఆశీస్సులు.

గుంటూరు ఆఫీసులో సర్వర్లన్నీ నీకే అప్పజెప్పారట, శనివారం రాత్రి వాటి కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ) అప్‌డేట్ చేసి, అన్ని సర్వర్లనీ ఒకేచోటు నుంచి నడిపించే అన్సిబుల్‌తో రీబూట్ చేయాలట. నువ్వు టెన్షన్ పడుతున్నావని మీ నాన్న చెప్పాడు.

రీబూట్ కావాలా వద్దా అన్నది ప్లేబుక్‌ని (అన్సిబుల్‌కి టాస్కులు వరసగా రాసిచ్చే ఫైలు) కాదు, సర్వర్‌ని అడుగు. చాలామంది అప్‌డేట్ టాస్క్‌కి 'చేంజ్డ్' వస్తే హ్యాండ్లర్‌తో, అంటే ఏదైనా మారితేనే నడిచే టాస్క్‌తో, రీబూట్ చేయిస్తారు. హ్యాండ్లర్ నడిచేది చివర్లో కదా! ఈలోపు ఇంకో టాస్క్ ఫెయిలైతే ఆ సర్వర్‌లో అది నడవదు. తప్పు సరిచేసి మళ్లీ నడిపావనుకో, ప్యాకేజీ అప్పటికే ఎక్కేసింది కాబట్టి 'ఓకే' అంటుంది, హ్యాండ్లర్‌ని పిలిచే దిక్కుండదు. స్క్రీన్ అంతా పచ్చగా కనిపిస్తుంది, సర్వర్ మాత్రం పాత కెర్నెల్ మీదే నడుస్తుంటుంది. నాకు అన్నిటికంటే భయం దీనితోనే. అందుకే ఉబుంటులో 'వార్ రన్' కింద 'రీబూట్-రిక్వైర్డ్' ఫైలు ఉందేమో చూడు. రెడ్‌హ్యాట్‌లో 'నీడ్స్-రీస్టార్టింగ్' కమాండ్‌కి మైనస్ ఆర్ తగిలించు. రీబూట్ కావాలంటే ఎగ్జిట్ కోడ్‌గా (కమాండ్ ముగిశాక ఇచ్చే అంకె) 1 వస్తుంది. అన్సిబుల్ దాన్ని ఫెయిల్యూర్‌గా తీసుకోకుండా ఏది ఫెయిలో చెప్పే 'ఫెయిల్డ్ వెన్' షరతు రాసుకో.

రీబూట్‌ని షెల్ కమాండ్‌తో కొట్టి, దూరం నుంచి లాగినయ్యే ఎస్‌ఎస్‌హెచ్ పలికే 22వ పోర్టు కోసం కాచుకునే పద్ధతి వద్దమ్మా. సర్వర్ ఇంకా ఆగకముందే పాత ఎస్‌ఎస్‌హెచ్ పలికేస్తుంది, లేచిందనుకుని ప్లేబుక్ ముందుకెళ్లిపోతుంది. 2018లో అన్సిబుల్ 2.7 వెర్షన్‌తో వచ్చిన రీబూట్ మాడ్యూల్ వాడు. లినక్స్‌లో ప్రతి బూట్‌కీ మారే బూట్ ఐడీని అది ముందూ వెనకా పోల్చి చూస్తుంది. ఐడీ మారితేనే రీబూట్ అయినట్టు. నువ్వు మార్చకపోతే దాని టైమవుట్ (సర్వర్ లేచేదాకా ఆగే గడువు) 600 సెకన్లు. ర్యామ్ ఎక్కువున్న ఫిజికల్ సర్వర్లు మెమరీ చెక్‌కే చాలాసేపు తీసుకుంటాయి, వాటికి పెంచు.

సర్వర్ లేచాక ఆ మాడ్యూల్ పరీక్షగా నడిపే కమాండ్ 'హూ యామ్ ఐ'. లాగిన్ అవుతుందని మాత్రమే దాంతో తెలుస్తుంది. బస్సు ప్లాట్‌ఫారం మీదికొచ్చినా డ్రైవరు ఎక్కందే కదలదు కదా! డేటాబేస్ జవాబిస్తుందో లేదో చూసే కమాండ్‌ని ఆ మాడ్యూల్‌లోని 'టెస్ట్ కమాండ్'లో పెట్టు.

ప్లేబుక్‌లో 'సీరియల్ 1' తప్పనిసరి, అంటే ఒకసారికి ఒక్క సర్వరే. ఒక సర్వర్ లేవకపోతే మిగతావాటి జోలికి పోకుండా అక్కడే ఆగిపోతుంది. అన్సిబుల్ నడిపే మెషీన్‌ని మాత్రం ఆ జాబితాలోంచి తీసెయ్, అది రీబూటైతే ప్లేబుక్ సగంలోనే పోతుంది.

శుక్రవారానికల్లా కన్సోల్ యాక్సెస్ (ఎస్‌ఎస్‌హెచ్ పలకకపోయినా సర్వర్ స్క్రీన్ చూసే వీలు) అడిగి తీసుకో, పాస్‌వర్డ్ పనిచేస్తుందో లేదో అప్పుడే చూసుకో. ప్లేబుక్ నాకూ పంపు, చదివి ఫోన్ చేస్తాను.

ఇట్లు,
మీ బాబాయి,
విజయవాడ