నాన్నకి ఏ థెరపీ ఎందుకు: సుధకు పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

స్ట్రోక్ వచ్చి పక్షవాతంతో పడిపోయిన నాన్న కోసం నువ్వు రాసిన థెరపీల జాబితా చూశాను. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, అద్దం ముందు చేయించేది, మ్యూజిక్ థెరపీ, బొమ్మలు వేయించడం, ఆక్యుపంక్చర్, నూనె మర్దన... అన్నీ ఒకేసారి మొదలుపెట్టాలా, దేంతో నాన్న చెయ్యి త్వరగా వస్తుంది అని అడిగావు. ఇన్నేళ్లు ఫిజియో విభాగంలో పనిచేసిన దాన్ని కాబట్టి ఒక్క మాట చెబుతాను. ఇంట్లోకి వచ్చే ప్రతి థెరపీనీ ముందు నిలబెట్టి, ఏం పని మీద వచ్చావని అడుగు. చెయ్యి కదిలించడానికా, మాట రప్పించడానికా, నొప్పి తగ్గించడానికా, లేకపోతే మనిషికి పొద్దున్నే లేవాలనిపించేలా చేయడానికా? ఇవన్నీ కావలసినవే. మర్దన వల్ల చేతికి బలం వస్తుందనో, బొమ్మలు వేస్తే మాట తిరిగొస్తుందనో ఆశ పెట్టుకుంటేనే డబ్బూ ఓపికా రెండూ పోతాయి.

ముందు చెయ్యి సంగతి. పక్షవాతం వచ్చిన చేత్తో పని జరగక విసిగిపోయి మనిషి అన్నీ మంచి చేత్తోనే కానిస్తాడు. కొన్నాళ్లకి ఆ చేతిలో కాస్త కదలిక వచ్చినా వాడడం మానేసి ఉంటాడు. ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని గమనించే ఒక పద్ధతి తెచ్చాడు. మంచి చేతికి మందపాటి గ్లవ్ తొడిగి, మెలకువగా ఉన్నంతసేపూ దాదాపు అలాగే ఉంచుతారు. రోజూ కొన్ని గంటలపాటు బలహీనమైన చేత్తోనే పనులు చేయిస్తారు. ఇలా రెండు వారాలు. స్ట్రోక్ వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన వాళ్లమీద చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. మేలు ఏడాది తర్వాత కూడా నిలిచింది. మొదటి మూడు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుందన్నది నిజమే. కానీ 'మూడు నెలలు దాటాయి, ఇంకేం రాదు' అని ఎవరైనా అంటే నమ్మకు.

అయితే ఈ పద్ధతికి మణికట్టూ వేళ్లూ ఎంతో కొంత వెనక్కి లేవాలి. నాన్న చెయ్యి ఇంకా ఆ స్థితికి రాలేదని నువ్వు రాసినదాన్ని బట్టి తెలుస్తోంది. అలాంటప్పుడు అద్దం పనికొస్తుంది. 1990లలో వి.ఎస్. రామచంద్రన్ చెయ్యి తీసేసినవాళ్ల నొప్పికి వాడిన ఉపాయమే ఇది. అద్దాన్ని రెండు చేతుల మధ్య నిలబెట్టి, బలహీనమైన చేతిని దాని వెనక దాచి, మంచి చేతిని కదిలిస్తూ అద్దంలోకి చూడాలి. రెండో చెయ్యి కదులుతున్నట్టు కళ్లు చెబితే మెదడులో ఆ చేతిని కదిలించే భాగం మేల్కొంటుందని అంటారు. వినడానికి గారడీలా ఉంటుంది గానీ, ఫిజియోతో పాటు చేయిస్తే స్ట్రోక్ వచ్చినవాళ్లలో చేతి కదలిక కొంత మెరుగవుతుంది. మీ ఫిజియోని అడిగి నేర్చుకో, ఇంట్లో నువ్వే చేయించవచ్చు.

అసలు ఫిజియో వచ్చి ఉండే ఆ కాసేపు ఏపాటి? మిగతా రోజంతా నాన్న ఏం చేస్తున్నారన్నదే లెక్క. చొక్కా గుండీ, గ్లాసు పట్టుకోవడం, తలుపు గడియ, ఇవన్నీ వ్యాయామాలే. త్వరగా అయిపోతుందని నువ్వు చేసి పెట్టకు. (మీ అమ్మ ఊరుకోదని తెలుసు, ఆమెకి ఈ ఉత్తరం చదివి వినిపించు.) ఒక జాగ్రత్త మాత్రం మర్చిపోవద్దు. లేపేటప్పుడు బలహీనమైన చెయ్యి పట్టి లాగకండి, చంక కింద చేతులు పెట్టి ఎత్తకండి. పట్టు తప్పిన భుజం కీలు జారుతుంది. ఆ నొప్పి మొదలైతే నాన్న ఇక చెయ్యి ముట్టుకోనివ్వరు.

మాటకి స్పీచ్ థెరపీయే ప్రధానం. సంగీతం సాయం చేసేది కూడా ఇక్కడే. నాన్నకి కుడిపక్క పడిపోయి మాట పోయిందంటే దెబ్బ మెదడులో ఎడమవైపు తగిలింది. ఇలాంటివాళ్లు కొందరు నాలుగు మాటలు చెప్పలేకపోయినా పాత పాట పల్లవి గడగడా పాడేస్తారు. 1973లో ఇదే ఆధారంగా ఒక పద్ధతి వచ్చింది. 'నీళ్లు కావాలి' లాంటి చిన్న మాటని రాగం తీసి పలికిస్తూ, ఎడమచేత్తో తాళం వేయిస్తారు. తర్వాత మెల్లమెల్లగా రాగం తగ్గించి మామూలు మాటలోకి దింపుతారు. తలకి తూటా తగిలి మాట పోయిన అప్పటి అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్‌కి 2011లో మ్యూజిక్ థెరపీ ఇలాగే తోడ్పడింది. ఇక్కడ పని చేసేది ఆయనే రాగం తీసి పలకడం. కాబట్టి రోజంతా రేడియో పెట్టడం సరదాకి బాగుంటుంది, దాన్ని థెరపీ ఖాతాలో వేయకు. నడకకి మాత్రం స్థిరమైన తాళం, తాళం కొట్టే యంత్రం మెట్రోనోమ్ టిక్‌టిక్‌మన్నా సరే, అడుగు సమంగా పడడానికి పనికొస్తుంది.

బొమ్మల పని వేరు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. అది వస్తే వ్యాయామం అటకెక్కినట్టే. 'ఆర్ట్ థెరపీ' అన్న పేరు 1942లో ఏడ్రియన్ హిల్ పెట్టాడు. ఆయన క్షయ శానిటోరియంలో మంచంపట్టిన చిత్రకారుడు, బొమ్మలు వేస్తూ తనకీ పక్క మంచాలవాళ్లకీ పొద్దుపోయేలా చేసుకున్నాడు. నాన్నకి రంగులిస్తే ఎడమచేత్తో గీసుకోనీ, చెరిపేసుకోనీ. 'ఎంత బాగా వేశారో' అని చంటిపిల్లాడిలా పొగడకండి, ఒళ్లు మండుతుంది ఆయనకి. రెండు వారాలు దాటినా ముభావంగా ఉండి, నిద్రా ఆకలీ లేకపోతే రంగులతో సరిపెట్టకుండా డాక్టరుకి చెప్పండి.

ఆక్యుపంక్చర్ వల్ల స్ట్రోక్ తర్వాత కదలిక తిరిగి వస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. రక్తం పలచబడే మందు వాడుతుంటే సూదుల ముందు డాక్టర్ని అడగాలి. మెత్తగా మర్దన చేస్తే ఒళ్లు తేలికవుతుంది, అంతవరకు మంచిదే. పిక్క ఒకటి వాచి వేడిగా ఉంటే మాత్రం ముట్టుకోవద్దు. లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్పర్శ తెలియని చేతికి వేడి కాపడం పెట్టొద్దు, కాలినా ఆయనకి తెలియదు. మెడ పట్టుకుని టక్కున తిప్పేవాళ్లని దగ్గరికి రానివ్వకు, మెడలో రక్తనాళం చిరిగితే మళ్లీ స్ట్రోకే. బీపీ మాత్రలు ఆపేయమన్నవాడికి కాఫీ కూడా ఇవ్వకుండా పంపించెయ్.

ఇప్పటికి ఫిజియో, స్పీచ్, అద్దం, సాయంత్రం కాసేపు రంగులు చాలు. అలసట వస్తే ఆపి పడుకోనివ్వు, స్ట్రోక్ తర్వాత అలసట బద్ధకం కాదు. ఇప్పుడు చేయలేని పనులు రెండు మూడు ఒక పుస్తకంలో రాసి తేదీ వెయ్యి. నెల తర్వాత అవే పనులు చేయించి చూడు. దేనివల్ల తేడా కనిపించలేదో దాని గురించి థెరపిస్టుని నిలదీసి అడుగు, సరైన జవాబు రాకపోతే మానేయండి.

నువ్వు ఒక్కదానివే ఆయన్ని మంచం మీంచి లేపుతున్నావట. ఫిజియో ఈసారి వచ్చినప్పుడు నడుముకి కట్టే ట్రాన్స్‌ఫర్ బెల్టుతో ఎలా లేపాలో చూపించమను. ముందు నీ మోకాళ్లు వంచాలి, నడుము వంచకూడదు. మీ అమ్మకీ తమ్ముడికీ కూడా అప్పుడే నేర్పించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ