మైదానం ముచ్చట్లు: కసి లేదంటున్నారు

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. టెన్నిస్ అకాడమీ, కారు, ఫిజియో అన్నీ సమకూర్చాం. అయినా టోర్నమెంట్లలో రెండో రౌండ్ దాటడం లేదు. సుఖం ఎక్కువై కసి పోయిందని, బ్రిటన్ ఆటగాళ్ల జబ్బూ ఇదేనని మావారు అంటున్నారు. కారు మానిపించి బస్సులో పంపుతానంటున్నారు. అలా చేస్తే దారికొస్తాడా?
- ఒక తల్లి, పోరూరు, చెన్నై

జవాబు: అమ్మా, మీవారి మాట నేనూ చాలాకాలం నమ్మాను. వింబుల్డన్ జరిగేది బ్రిటన్‌లో. దాని మిగులు డబ్బు వెళ్లేది వాళ్ల టెన్నిస్ సంఘానికే. అయినా పురుషుల సింగిల్స్‌లో 1936లో ఫ్రెడ్ పెర్రీ గెలిచాక, మళ్లీ 2013లో ఆండీ ముర్రే గెలిచేదాకా 77 ఏళ్లు ఆగారు. పెర్రీ తండ్రి నూలు మిల్లు కార్మికుడిగా మొదలైనవాడు. ముర్రే 15 ఏళ్లకే ఇల్లు వదిలి బార్సిలోనా వెళ్లి నేర్చుకున్నాడు. ఇంతవరకే చూస్తే సుఖమే శత్రువనిపిస్తుంది.

కానీ ఒలింపిక్స్ చూడండి. 1996 అట్లాంటాలో బ్రిటన్‌కు వచ్చింది ఒక్క స్వర్ణం. 2012 లండన్‌లో 29. మధ్యలో లాటరీ డబ్బును ఆటలకు మళ్లించారు, అంతేగానీ ఎవరినీ పస్తులుంచలేదు. పైగా లండన్‌లో పతకాలు తెచ్చిన బ్రిటన్ వాళ్లలో మూడో వంతుకు పైగా ఫీజులు కట్టే ప్రైవేటు బడుల్లో చదివినవాళ్లే. ఆ దేశంలో అలాంటి బడుల్లో చదివేది నూటికి ఏడుగురు. సుఖంగా పెరిగినవాళ్లు గెలుస్తూనే ఉన్నారమ్మా. మిగతా 93 మందిలో పోటీ పడవ (రోయింగ్) ఎక్కనివాళ్లు, కోర్టు గడప తొక్కనివాళ్లు ఎందరో! నాకు బాధ కలిగేది అక్కడే.

ఆకలి ఏం చేస్తుందో నేను కళ్లారా చూశాను. నా దగ్గర బాల్ బాయ్‌గా ఉన్న కుర్రాడొకడు అద్భుతంగా ఆడేవాడు. వాళ్లది సముద్రం ఒడ్డున కుప్పం, అంటే జాలర్ల పేట. మూడో సెట్‌కి వచ్చేసరికి కాళ్లు వణికేవి. పొద్దున ఏం తిన్నావురా అంటే టీ, బన్ను. మా ఇంట్లో ఇడ్లీలు కట్టించి తీసుకెళ్లాను, తిండి సరిపోయింది. గట్టింగ్‌కీ (రాకెట్‌కు తీగలు బిగించడానికి), రైలు ఛార్జీలకీ డబ్బు సరిపోలేదు. ఇప్పుడు ఒక క్లబ్బులో మార్కర్, అంటే సభ్యులతో ఆడిపెట్టే ఉద్యోగి. వాడికి కసి లేదని ఎవరైనా అంటే నేను ఊరుకోను. 2020లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్కస్ రాష్‌ఫోర్డ్ బడి సెలవుల్లోనూ పేద పిల్లలకు భోజనం పెట్టమని అక్కడి ప్రభుత్వాన్ని నిలదీశాడు. తనూ ఉచిత భోజనం తిని పెరిగినవాడే గనక, ఆకలి మంచి కోచ్ అని అతను అనలేదు.

కాబట్టి కారు ఉండనివ్వండి. బస్సు శిక్షగా మారితే ఆట మీదే విరక్తి పుడుతుంది. ఒక నెల టోర్నమెంట్లు ఆపండి. మీవారిని కోర్టు పక్కన కూర్చోవద్దనండి. ఓడి వచ్చిన రోజు కారులో ఆట ఊసెత్తకండి. బ్యాగు అతన్నే సర్దుకోనివ్వండి, మరిచిపోతే మరిచిపోనివ్వండి. సాయంత్రాలు బాల్ బాయ్‌లతో స్కోరు లేకుండా ఆడనివ్వండి. ఆ నెలలో ఎవరూ లేపకుండా ఎన్ని ఆదివారాలు తనంతట తాను రాకెట్ పట్టుకుని బయల్దేరాడో లెక్కపెట్టి, నాకు మళ్లీ రాయండి.