తిరుపతిలో ఫిజియోథెరపీ చదివితే అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్‌గా చేరొచ్చా?

ఆ డిగ్రీతో నేరుగా చేరలేరు. అక్కడ గుర్తింపు ఉన్న కాలేజీలో ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్ కోర్సే ప్రత్యేకంగా చదవాలి. తిరుపతి స్విమ్స్‌లో ఇచ్చే ఫిజియోథెరపీ డిగ్రీ మంచిదే, కానీ అది వేరే వృత్తి.

చిత్తూరు వైపు ఒక రైతుకు పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిందనుకోండి. చేతికి కదలిక, బలం తెప్పించడం మీద ఫిజియోథెరపిస్టు దృష్టి ఉంటుంది. అదే చేత్తో సంగటి ముద్ద తుంచుకుని తినడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, అది కుదరకపోతే ఎడమచేత్తో చేసుకునే పద్ధతి, ఇవన్నీ ఆక్యుపేషనల్ థెరపీ పని. అందుకే అసిస్టెంట్ కోర్సులో శరీర నిర్మాణంతో పాటు మానసిక ఆరోగ్యం, పిల్లల ఎదుగుదల, ఒక పనిని చిన్న చిన్న దశలుగా విడదీసి నేర్పడం కూడా ఉంటాయి. సాధారణంగా రెండేళ్ల చదువు. అందులో కనీసం 16 వారాల పూర్తికాల ఫీల్డ్‌వర్క్, అంటే పర్యవేక్షణలో రోగులతో పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ తప్పనిసరి, అసలు పని వచ్చేది అక్కడే. తర్వాత జాతీయ పరీక్ష, రాష్ట్ర లైసెన్సు.

అసిస్టెంట్ అంటే వీల్‌చైర్ తోసే సహాయకులని చాలామంది పొరబడతారు. అలాంటి సహాయకులు వేరే ఉంటారు. రోగిని అంచనా వేసి ప్రణాళిక ఖరారు చేసేది థెరపిస్టు. ఆ పర్యవేక్షణలో చికిత్స చేయించేది అసిస్టెంట్.